చాణక్య వయసు 125, మన పేటల వయసెంత?

2024 మార్చిలో హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో చాణక్య చనిపోయింది. అది గాలాపాగోస్ జాతి తాబేలు. వయసు సుమారు 125 ఏళ్లన్నారు. అంటే పుట్టుక 1899 ప్రాంతం. ఆ వయసు పక్కన సోలాపూర్ పద్మశాలి పేటల చరిత్రను పెడితే రెండూ దాదాపు ఒక ఈడువే.

ఊళ్లో మొదటి పెద్ద బట్టల మిల్లు, జనం 'జూనీ మిల్' అనేది, 1877లో నడక మొదలుపెట్టింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో నైజాం ఇలాకాలోని పాలమూరు, నల్లగొండ, కరీంనగర్, వరంగల్ పల్లెల నుంచి పద్మశాలి నేతగాళ్లు మగ్గం పనికీ మిల్లు కూలికీ తరలివచ్చారు. కరువు కొంత తరిమింది, మిల్లు బట్ట పోటీ ఇంకొంత తరిమింది. సొంత మగ్గాన్ని ముంచిన మిల్లు దగ్గరికే కూలికి రావాల్సి వచ్చింది.

1930 మేలో తెల్లదొరలు సోలాపూర్‌లో మార్షల్ లా పెట్టారు. అప్పటికి చాణక్యకు 31. మరుసటి జనవరి 12న ఎరవాడ జైల్లో సోలాపూర్ ఉద్యమకారులు మల్లప్ప ధన్‌శెట్టి, శ్రీకిసన్ సార్డా, జగన్నాథ్ షిండే, కుర్బాన్ హుసేన్‌లను ఉరితీశారు. చాణక్యకు 49 ఏళ్లప్పుడు, 1948 సెప్టెంబర్ 13న, భారత సైన్యపు ప్రధాన దళం సోలాపూర్ వైపు నుంచే నల్దుర్గ్ మీదుగా హైదరాబాద్ దారి పట్టింది. నేతగాళ్లు పడమరకు వస్తే సైన్యం తూర్పుకు పోయింది. అయిదో రోజుకు నిజాం లొంగిపోయాడు.

1963లో చాణక్యను హైదరాబాద్ బాగ్-ఎ-ఆమ్ తోట నుంచి కొత్త జూకి మార్చారు. అదే ఏడు అక్కడి నుంచే వచ్చింది రాణి అనే ఆడ ఏనుగు. బోనాలకూ మొహర్రంకూ ఊరేగింపులో నడిచిన రాణి 1938లో పుట్టింది, 2021 జూన్‌లో పోయింది. 83 ఏళ్లు. ఏనుగుకి 70 దాటడమే గొప్ప.

మరి ఈ వయసులు ఎవరు లెక్కపెట్టారు? తాబేలు పెంకు మీద వలయాలుంటాయి కానీ ముసలి తాబేలుకి అవి అరిగి నున్నబడిపోతాయి. అందుకే తెలిసిన సంఘటనను పట్టుకుని వెనక్కి లెక్కేస్తారు. సెయింట్ హెలెనా ద్వీపంలోని జొనాథన్ అనే తాబేలు 1882లో అక్కడికి చేరేసరికే పూర్తిగా ఎదిగి ఉంది. అంతగా ఎదగాలంటే 50 ఏళ్లైనా పడుతుంది కాబట్టి పుట్టుక 1832 అని వేసుకున్నారు. కోల్‌కతా అలీపూర్ జూలో 2006లో పోయిన అద్వైత అనే తాబేలు వయసు 255 అన్నారు. జూలో ఉన్నట్టు లెక్క తేలేది మాత్రం దాదాపు 130 ఏళ్లకే. మిగతాదంతా క్లైవ్ దొర పెంచాడన్న కథ మీద ఆధారపడింది. నా మటుకు 130 చాలు, 255ను నమ్మను. అలాస్కాలో 2007లో పట్టుబడిన బోహెడ్ తిమింగలం సంగతి వేరు. దాని ఒంట్లో 19వ శతాబ్దం చివరినాటి ఈటె ముక్క ఇరుక్కుని దొరికింది. మనిషి చేసిన వస్తువే దాని వయసుకు సాక్ష్యం చెప్పింది. నిజానికి ఈ జంతువులు మన చరిత్ర చూశాయంటాం గానీ, చూసినదేదీ చెప్పవు. తేదీ ఎప్పుడూ మనిషి రాసుకున్నదే.

మన పేటల్లో ముసలివాళ్ల వయసూ జొనాథన్ పద్ధతిలోనే తేలుతుంది. "రజాకార్ల గడబిడప్పుడు నాకు పదేండ్లు" అంటుంది అవ్వ. ఆ గడబిడ 1948 నాటిది, అందులోంచి 10 తీస్తే 1938, రాణి ఈడు. ఆధార్‌లో మాత్రం జనవరి 1 అని ఉంటుంది. అది కార్డు రాసిన గుమాస్తా వేసిన పుట్టినరోజు.

తాబేలుకి జూ రిజిస్టరు ఉంది, మన వలసలకు ముసలివాళ్ల జ్ఞాపకమే. సోలాపూర్ తొలి వలసల కబుర్లు చెవులారా విన్న తరంలో మిగిలినవాళ్లు ఇప్పుడు ఎనభై దాటారు. మీ ఇంట్లో అలాంటి అవ్వో తాతో ఉంటే మూడు సంగతులు అడిగి, తేదీ వేసి రాసి పెట్టండి: ఏ ఊరి నుంచి వచ్చారు, ఏ కరువుకో ఏ గడబిడకో వచ్చారు, మొదట ఏ కార్ఖానాలో పనిచేశారు.