మంచునేలలో అరటిచెట్టు

తెలుగింట శుభకార్యమంటే గుమ్మానికి మామిడి తోరణం, మండపానికి అరటి బోదెలు, పంక్తిలో పచ్చని అరటాకులు ఉండవలసిందే. కోనసీమలో దొడ్డిలోకి వెళ్లి కోసుకువచ్చే ఆ ఆకు కోసం, 42 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటి ఉన్న నోవైలో దుకాణాన్ని ఆశ్రయించక తప్పదని చాలామంది భావిస్తారు. అయితే మిషిగన్ చలికి తలవంచినా ప్రాణం విడువక, ఏటేటా తిరిగి మొలకెత్తే అరటిజాతి ఒకటున్నది. దాని శాస్త్రీయ నామం ముసా బాస్జూ.

ఈ జాతి జన్మస్థలం దక్షిణ చైనా. జపానులో శతాబ్దాలుగా ఉద్యానవనాల్లో పెంచుతున్నారు. అరటికి జపాను భాషలో 'బషో' అని పేరు. 1680ల తొలినాళ్లలో ఒక శిష్యుడు తన కుటీరం వద్ద నాటిన అరటిమొక్కపై మమకారంతోనే హైకూ కవి మత్సువో బషో ఆ పేరును స్వీకరించాడు. తెలుగువారితో పాటు జపాను కుటుంబాలూ అధికంగా నివసించే నోవైలో ఈ మొక్క ఇరువురికీ ఆత్మీయమైనదే.

అరటి నిజానికి వృక్షం కాదు, మహాకాయమైన ఓషధి. కాండంగా కనిపించే బోదె ఒకదానినొకటి చుట్టుకొన్న ఆకుతొడిమల పొరలే. అసలు కాండం భూమిలోని దుంప. కొత్త ఆకులను పుట్టించే మొవ్వు కూడా ఆ దుంప శిరస్సుననే ఉంటుంది. ఉష్ణోగ్రత సున్నా సెల్సియస్‌కు రెండు మూడు డిగ్రీలు దిగువకు జారితే నీటితో నిండిన ఆకుల్లో మంచుస్ఫటికాలు ఏర్పడి, కణాల పొరలు ఛిద్రమై, ఆకులు ఒక్క రాత్రిలో నల్లబడతాయి. ముల్లు వచ్చి తన మీద పడినా, తాను వెళ్లి ముల్లు మీద పడినా నష్టం అరటాకుదే అన్న సామెతలో ఇక్కడ ముల్లు స్థానం చలిది. అయినా దుంప గడ్డకట్టకుండా కాపాడగలిగితే మొక్క బ్రతుకుతుంది.

అమెరికా వ్యవసాయశాఖ విభజన ప్రకారం ఆగ్నేయ మిషిగన్ ఆరవ మండలం. అంటే ఏడాదిలో అత్యల్ప ఉష్ణోగ్రత సగటున సున్నా నుంచి మైనస్ పది ఫారన్‌హీట్ డిగ్రీల మధ్య ఉంటుంది. 2019 జనవరి చివరిలో వచ్చిన ధ్రువశీతలం వంటివి అంతకంటె తీవ్రంగానూ ఉండవచ్చు. కనుక నాటే చోటు మొదటి రక్షణ. పగటి వేడిని దాచుకొని రాత్రి విడిచే దక్షిణపు గోడ ప్రక్కన, గాలి తాకిడి లేనిచోట, మే చివరిలో మొక్కను నాటాలి. నీరు నిలిచే బంకమట్టి అయితే కంపోస్టు కలిపి నేలను కాస్త ఎత్తు చేయాలి. వేసవిలో ఎరువు, నీరు సమృద్ధిగా అందిస్తే వేగంగా ఎదుగుతుంది.

అక్టోబరులో తొలి మంచుకు ఆకులు నల్లబడిన వెంటనే బోదెను రెండడుగుల ఎత్తు ఉంచి కోసివేయాలి. చుట్టూ తీగవల నిలిపి ఎండుటాకులతో నింపాలి. మేపుల్ ఆకులు తడిసి అట్టకడతాయి. ఓక్ ఆకులు విడివిడిగా నిలిచి నడుమ గాలిని పట్టి ఉంచుతాయి. ఆ నిశ్చలమైన గాలియే దుంపకు దుప్పటి. పైన తడి దిగని కప్పు వేసి, ప్రక్కలను గాలి ఆడేటట్లు వదలాలి. ఎందుకంటే చలి చంపని దుంపను తడి కుళ్లబెడుతుంది.

అసలు పరీక్ష వసంతంలో వస్తుంది. ఏప్రిల్ చివర ఆచ్ఛాదనను క్రమంగా తొలగిస్తే మెత్తబడిన మొండెం తప్ప మరేమీ కనిపించదు. మొక్క చనిపోయిందనుకొని దుంపను తవ్వి పారవేసేవారు అప్పుడే పొరపడుతున్నారు. కుళ్లిన భాగాన్ని గట్టి తెల్లని పొర కనిపించేవరకు కోసి, జూన్ మధ్యవరకు వేచి ఉండాలి. నేల వెచ్చబడితేనే పిలకలు లేస్తాయి.

ఇక ఫలం మాట. బాస్జూ కాయలు చిన్నవి, గింజలతో నిండినవి, తినుటకు పనికిరావు. చక్కెరకేళి, అమృతపాణి వంటి తినే రకాలు గెల వేసి పండడానికి ఏడాది పట్టవచ్చు. మంచు లేని రోజులు నోవైలో ఐదు నెలలే. ఆరుబయట వదిలితే శీతకాలంలో వాటి దుంప కూడా నిలవదు. వాటిపై మక్కువ ఉన్నవారు పెద్ద తొట్టెలో పెంచి, తొలి మంచుకు ముందే ఆకులు కోసి, బేస్‌మెంటులో చల్లని మూలన, దాదాపు నీరు పోయకుండా నిద్రపుచ్చాలి. కొనేటప్పుడు శాస్త్రీయ నామం చూడడం అవసరం. 'అరటి' అన్న పేరు మాత్రమే చూసి తెచ్చిన మొక్క తొలి శీతకాలం దాటకపోవచ్చు.

ఫలం లేకున్నా ఫలితం లేకపోలేదు. మిషిగన్‌లో ఈ అరటి నిండుగా ఆకులు విప్పేది ఆగస్టు, సెప్టెంబరు మాసాల్లో. వరలక్ష్మీ వ్రతం, వినాయక చవితి వచ్చేదీ అప్పుడే. దొడ్డిలో అరటాకు కోసితెచ్చి నైవేద్యం పెట్టే తల్లిని చూచిన పిల్లలకు ఆ ఆచారం ఎక్కడినుంచి వచ్చిందో వేరుగా చెప్పనక్కరలేదు.