రాతిధూళిని మింగిన రక్షకకణం ఎందుకు చనిపోతుంది?

మన ఊపిరితిత్తుల్లోని గాలిగదుల్లో మాక్రోఫేజ్‌లనే రక్షకకణాలు నిత్యం కాపలా కాస్తుంటాయి. సూక్ష్మక్రిమి కనిపిస్తే మింగేసి, లోపల లైసోజోమ్ అనే సంచిలో ఎంజైములతో అరిగించేస్తాయి. క్వారీల్లో, క్రషర్ల దగ్గర లేచే సిలికా ధూళినీ అలాగే మింగుతాయి. కానీ సిలికా స్ఫటికం అరగదు. పైగా ఆ సంచి పొరనే దెబ్బతీస్తుంది. ఎంజైములు బయటికి కారి, ఆపద సంకేతాలు వెలువడి, వాపు మొదలవుతుంది. కణం చనిపోతుంది. బయటపడిన రేణువును మరో కణం మింగుతుంది. ఇలా పదేపదే గాయపడిన చోట మచ్చలు పేరుకుని ఊపిరితిత్తి గట్టిపడుతుంది. అదే సిలికోసిస్. కాపలా దెబ్బతినడంతో క్షయ ముప్పు కూడా పెరుగుతుంది.

సముద్రతీరపు ఇసుకలోనూ సిలికా ఉంటుంది కదా, అక్కడ ఆడుకుంటే ఏమీ కాదెందుకు? తేడా పరిమాణంలో ఉంది. ఇసుక రేణువులు పెద్దవి, ఊపిరితిత్తుల లోతుకు చేరలేవు. రాయిని కోసినప్పుడు, పగలగొట్టినప్పుడు పుట్టే, సుమారు 5 మైక్రోమీటర్ల లోపు రేణువులే గాలిగదుల దాకా వెళ్తాయి. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే చాలదా అంటే, చాలదు. అంత సన్నని ధూళిని మామూలు బట్ట సరిగా ఆపలేదు. మంచి తిండి తిని రోగనిరోధక శక్తి పెంచుకోవచ్చు కదా అని ఇంకొందరు అంటారు. తిండి అవసరమే. కానీ ఇక్కడ కణాలు బలం లేక చనిపోవడం లేదు, తమ పని తాము చేస్తూనే చనిపోతున్నాయి. సిలికోసిస్‌ను పూర్తిగా నయంచేసే మందు లేదు, రాకుండా ఆపే దారి మాత్రం ఉంది: నీళ్లు చల్లుతూ రాయి కోయడం, ధూళిని పుట్టినచోటే యంత్రంతో లాగేయడం. ఆ బాధ్యత కార్మికుడిది కాదు, పని చేయించేవారిది.