మీకు తెలుసా? అరిగిన పంటి లోపల దాగిన ఆకారం

మొరాకోలోని జెబెల్ ఇర్హూద్ గనిలో 1961లో బయటపడిన పుర్రెను చాలాకాలం సుమారు 40,000 ఏళ్ల నాటిదిగా, నియాండర్తల్ మానవులకు దగ్గరిదిగా భావించారు; తర్వాతి తవ్వకాల్లో దొరికిన కాలిన చెకుముకి రాళ్లు ఆ వయసును దాదాపు 3,00,000 ఏళ్లకు జరపగా, అది ఏ మానవులదో తేల్చడానికి త్రిమితీయ చిత్రణ తోడ్పడింది.

ఆ చిత్రణతో 2017లో వెలువడిన అధ్యయనంలో, ఎక్స్-కిరణాలతో వస్తువును అతి పలుచని పొరలుగా చిత్రించే మైక్రో సీటీ స్కాన్ ఆధారంగా విరిగిన ఎముకలను కంప్యూటర్‌లోనే అతికించి, వాటి ఉపరితలంపై వందలాది బిందువులను గుర్తించారు. వేర్వేరు పుర్రెల బిందువులను ఒకదానిపై ఒకటి సరిపోయేలా జరిపి, తిప్పి, పరిమాణంలోని తేడాను తొలగిస్తే చివరకు మిగిలేది ఆకారమొక్కటే. చిన్న పుర్రెను పెద్దదానితో న్యాయంగా పోల్చే వీలు అప్పుడే కలుగుతుంది. ఇర్హూద్ ముఖం నేటి మనుషుల ముఖాన్ని పోలి ఉందని, మెదడును కప్పే కపాలం మాత్రం ఇంకా గుండ్రబడక పొడవుగానే ఉందని ఆ పోలికలో తేలింది.

ఇలా ఆకారాన్ని పోల్చడంలో దంతాల సంగతి ఇంకా ఆసక్తికరం. నమిలి నమిలి పైపొర అయిన ఎనామెల్ అరిగిపోతుంది కనుక పైకి కనిపించే రూపాన్ని నమ్మడం కష్టం. అయితే ఎనామెల్‌కూ దాని కిందనున్న డెంటిన్‌కూ నడుమ ఉండే సరిహద్దు పన్ను రూపొందే దశలోనే స్థిరపడుతుంది. స్కాన్ చిత్రంలో ఎనామెల్‌ను తెరపైనే ఒలిచివేస్తే ఆ సరిహద్దుపై ఉన్న శిఖరాలు, గాడులు స్పష్టంగా కనిపిస్తాయి. అరుగుదల డెంటిన్ దాకా చేరితే మాత్రం ఈ ఉపాయానికీ పరిమితి తప్పదు.