నాలుగు పనులు... ఒకే పెట్టె!

వేసవి వచ్చిందంటే పశ్చిమ ప్రకాశం రోడ్ల మీద నీళ్ల ట్యాంకర్లదే హడావుడి. తర్లుపాడు, మార్కాపురం, కంభం, గిద్దలూరు... బోర్లు ఎండిన ఊళ్లన్నీ వాటికోసమే ఎదురుచూస్తుంటాయి. గతుకుల దారిలో ఊగుతూ పోయే ట్యాంకరుకి అతుకు దగ్గర సన్నని చీలిక వచ్చిందనుకోండి. ఊరు చేరేలోపు బిందెల కొద్దీ నీళ్లు రోడ్డుపాలు! అప్పుడు డ్రైవరు పరుగెత్తేది రోడ్డు పక్క వెల్డింగ్ షాపుకే. 'సాయంత్రానికల్లా కావాలి' అన్నదే అక్కడ మొదటి మాట, చివరి మాట కూడా.

ట్యాంకర్ల తర్వాత ట్రాక్టర్ల వంతు. తొలకరికి ముందే గొర్రులు, కల్టివేటర్లు, ట్రాలీలు బాగవ్వాలి. అంటే వెల్డింగ్ షాపుకి నాలుగు డబ్బులు వచ్చేది సరిగ్గా ఎండలు మండే నెలల్లోనే. చిక్కల్లా ఏమిటంటే, ఆ డబ్బులు తెచ్చిపెట్టే కొత్త మెషీనుకి అస్సలు పడనిది కూడా ఆ ఎండే!

ఒకప్పుడు వెల్డింగ్ మెషీనంటే నలుగురు పట్టుకుంటేగానీ కదలని ఇనుప పెట్టె. లోపలంతా రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరే. రాడ్డు వెల్డింగ్ తప్ప దానికి మరో పని తెలియదు. మందం రేకు కోయాలంటే ఆక్సిజన్, ఎసిటిలిన్ సిలిండర్లు ఉండాలి. స్టెయిన్‌లెస్ స్టీలు రెయిలింగుకి ఆర్గాన్ వెల్డింగ్ వేరు, పలచటి రేకుకి సీఓటూ వెల్డింగ్ వేరు. ఇప్పుడు ఆ నాలుగు పనులూ ఒక్క మల్టీ ప్రాసెస్ మెషీనే చేసిపెడుతోంది. రాడ్డు, సీఓటూ (మిగ్ అనేది దీన్నే), ఆర్గాన్ (దీని అసలు పేరు టిగ్)... వీటితోపాటు ప్లాస్మా కటింగ్. మీట తిప్పి, టార్చి మార్చుకుంటే చాలు. బరువంటారా, ఒక్కడే ఎత్తి ఆటోలో పెట్టేయొచ్చు.

ఇంత బరువు ఎలా తగ్గింది? లోపల ఉండేది ఇన్వర్టర్. కరెంటు పోతే ఇంట్లో ఫ్యాను తిప్పే ఇన్వర్టర్ కాదిది. మన ఇళ్లకొచ్చే కరెంటు సెకనుకి 50 సార్లు అటూఇటూ మారుతుంది. ఈ మెషీన్లోని ఎలక్ట్రానిక్ స్విచ్చులు దాన్ని వేల సార్లు మారేలా చేస్తాయి. అంత వేగంగా మారే కరెంటుకి గుప్పెడంత ట్రాన్స్‌ఫార్మర్ సరిపోతుంది. పాత మెషీను ఎండకూ దుమ్ముకూ అంతగా జంకేది కాదు. కొత్తది సర్క్యూట్ బోర్డు మీద బతుకుతుంది. తేడా అంతా అక్కడే.

మూతి బిగిస్తే... కత్తి!

ప్లాస్మా కటింగ్ కథ వెల్డింగ్ టార్చి నుంచే మొదలైంది. అమెరికాలో యూనియన్ కార్బైడ్ సంస్థకి చెందిన రాబర్ట్ గేజ్ పేరిట 1957లో దీనికి పేటెంటు వచ్చింది. ఆర్గాన్ వెల్డింగులో వాడే లాంటి ఆర్కును ఇరుకైన నాజిల్ గుండా పోనిస్తే అతికించే మంట కాస్తా కోసే కత్తి అయింది! ఆ ఇరుకులో వాయువు 20,000 డిగ్రీల దాకా వేడెక్కుతుంది. సూర్యుడి ఉపరితలం వేడి సుమారు 5,500 డిగ్రీలే అంటే ఊహించుకోండి. గ్యాస్ కటింగ్ మామూలు ఇనుముకే పనికొస్తుంది, స్టెయిన్‌లెస్ స్టీలు, అల్యూమినియం దానికి లొంగవు. ప్లాస్మాకి ఆ పట్టింపు లేదు. కరెంటు పారే లోహమైతే చాలు. కావలసింది కరెంటు, కంప్రెసర్ గాలి. అంతే.

ఆ గాలిలో తడి మాత్రం ఉండకూడదు. కంప్రెసర్ ట్యాంకులో అడుగున చేరిన నీటిని రోజూ వదిలేయకపోతే మంట వణుకుతుంది, నాజిల్ మూతి కాలిపోతుంది. టార్చిలోని రాగి ఎలక్ట్రోడ్ కొసన హాఫ్నియం అనే లోహపు గింజ ఒకటుంటుంది. ఆర్కు పుట్టేది దానిమీదే. వాడేకొద్దీ అక్కడ గుంట పడుతుంది. అది లోతయ్యాక కూడా 'ఇంకా పనిచేస్తోందిగా' అని లాగిస్తే ముందు నాజిలు, తర్వాత టార్చి తలే పోతుంది. చిన్న ముక్క దగ్గర పొదుపు చేసి టార్చి కొనుక్కోవడమన్నమాట.

నాలుగు పనుల మెషీనులో చేతులు కాల్చుకునేది ప్లస్, మైనస్‌ల దగ్గర. మామూలు తీగతో సీఓటూ వెల్డింగ్ చేసేటప్పుడు టార్చి ప్లస్‌లో ఉండాలి. ఆర్గాన్‌కి వచ్చేసరికి టార్చి మైనస్‌లోకి మారాలి. మార్చడం మరచిపోతే టంగ్‌స్టన్ సూది కొస కరిగి గుండులా తయారవుతుంది. గ్యాస్ అక్కర్లేని తీగకి మళ్లీ మైనస్సే. సీఓటూ సిలిండరుతోనే ఆర్గాన్ పని కానిచ్చేద్దామనుకుంటే సూది మాడిపోతుంది. మెషీను ఒకటే అయినా విద్యలు నాలుగూ నేర్చుకోక తప్పదు.

పదిలో ఆరు నిమిషాలే

మెషీను వెనకాల చిన్న రేకు మీద అంకెలుంటాయి. కొన్నరోజు తప్ప దానివైపు చూసేవాళ్లు తక్కువే. అసలు సంగతంతా అందులోనే ఉంది మరి. '200 ఆంపియర్లు, 60 శాతం' అని ఉంటే, ఆ కరెంటు మీద ప్రతి పది నిమిషాల్లో ఆరు నిమిషాలే పని చేయాలి, నాలుగు నిమిషాలు ఆపాలి అని అర్థం. ఆపడమంటే స్విచ్చి కట్టేయడం కాదు. ఫ్యాను తిరుగుతూనే ఉండాలి, లోపలి వేడిని బయటికి తోసేది అదే. సాధారణంగా ఈ లెక్క వేసేది చుట్టూ గాలి 40 డిగ్రీలు ఉంటుందనుకుని. మార్కాపురం వైపు వేసవిలో 44, 45 డిగ్రీలు కొత్తేం కాదు. ఇక రేకుల షెడ్డు కింద చెప్పేదేముంది! రేకు మీద రాసిన ఆరు నిమిషాలు అక్కడ ఆరు కావు, ఇంకా తక్కువే. ట్యాంకరు యజమాని నెత్తిమీద నిలబడి తొందరపెడుతుంటే ఆపడానికి ఎవరికి మనసొప్పుతుంది? వేడి లైటు వెలిగి మెషీను తనంతట తానే ఆగిపోతే మాత్రం విసుక్కోకూడదు. బోర్డు కాలిపోకుండా కాపాడుతున్నది అదే.

దుమ్ము గొడవ ఇంకోటి. పలకలకు పేరుమోసిన ప్రాంతం ఇది. గనుల దగ్గర, రాయి కోసేచోట పలక పొడి గాలిలోనే ఉంటుంది. లోపలి ఫ్యాను ఆ పొడిని పీల్చుకుని బోర్డు మీద పరుస్తుంది, వేడి బయటికి పోనివ్వదు. గ్రైండరు నుంచి లేచే ఇనుప రజను ఇంకా ప్రమాదం. దానిగుండా కరెంటు పారి బోర్డు షార్టవుతుంది. మెషీను పక్కనే గ్రైండింగ్ చేయకపోవడం సగం రిపేర్లకు మందు. దుమ్ము వదలగొట్టాలంటే ప్లగ్గు పీకి, కొన్ని నిమిషాలు ఆగి మూత విప్పాలి. ప్లగ్గు తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలిచే ఉంటుంది. తర్వాత పొడిగాలి దూరం నుంచి మెల్లగా కొట్టాలి. సన్నటి వైరుతో చాలా దూరం నుంచి కరెంటు లాక్కోవడమూ చేటే. వోల్టేజీ పడిపోయినకొద్దీ మెషీను ఎక్కువ కరెంటు గుంజుతుంది.

ట్యాంకరు లోపల...

ట్యాంకరు చీలికకి బయట అతుకు వేసి ఊరుకుంటే ఫర్వాలేదు. లోపల కూడా వేయాల్సి వస్తేనే భయం. ఆర్గాన్, కార్బన్ డయాక్సైడ్ రెండూ గాలికన్నా బరువైనవి. వాసనా రంగూ లేని ఆ వాయువులు ట్యాంకు అడుగున చేరితే ఊపిరాడదు. మనిషికి తెలిసేలోపే స్పృహ తప్పుతుంది. లోపలికి గాలి కొట్టే ఏర్పాటు, బయట కనిపెట్టుకుని ఉండే మనిషి లేకుండా దిగకూడదు. పని ఆపితే గ్యాసు కట్టేసి, టార్చిని బయటికి తెచ్చేయాలి. ఇక డీజిలు ట్యాంకు, నూనె డ్రమ్ము అయితే 'ఖాళీదేగా' అన్న మాటే కొంప ముంచుతుంది. ద్రవం లేకపోయినా లోపల ఆవిరి ఉంటుంది. నిప్పురవ్వ తగిలితే పేలుతుంది.

పొగ సంగతి చాలామంది పట్టించుకోరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం వెల్డింగ్ పొగను క్యాన్సర్ కారకాల జాబితాలో చేర్చింది 2017లో. జీఐ పైపులకి వెల్డింగ్ చేస్తే జింకు పొగ వల్ల ఆ రాత్రే చలిజ్వరం పట్టుకోవచ్చు. పాలు తాగితే విరుగుడన్న నమ్మకం షాపుల్లో ఉంది గానీ, ఊపిరితిత్తుల్లోకి వెళ్లినదాన్ని పాలు ఏం చేస్తాయి? పూత గీకేసి, గాలి వాటం చూసుకుని పని చేయడమే మేలు.

రోడ్డు మీద వెళ్లే పిల్లలు ఆ నీలి వెలుగును గుడ్లప్పగించి చూస్తుంటారు. అప్పటికేమీ కాదు. కొన్ని గంటలు గడిచాక, అర్ధరాత్రి వేళ కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. అతినీలలోహిత కిరణాలు కంటిపొరను కాల్చడమే కారణం. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది గానీ, చిట్కాలు మాని కంటి డాక్టరుకి చూపించాలి. చలువ కళ్లద్దాలు దీనికి పనికిరావు. రాడ్డు వెల్డింగుకి 10, 11 నంబరు గ్లాసు ఉండాలి. షాపు ముందు గోనెపట్టా అయినా సరే, అడ్డంగా ఒక తెర కట్టి ఉంచితే దారిన పోయేవాళ్ల కళ్లకు ఇబ్బంది ఉండదు. అది నిప్పంటుకోకుండా తడిపి ఉంచాలి, అదీ మెషీనుకి దూరంగా.

ఈ పని నేర్చుకోవాలనుకునే కుర్రాళ్లకు ఐటీఐలో వెల్డర్ కోర్సు ఉంది. ఏడాది చదువు, ఎనిమిదో తరగతి పాసైతే చేరొచ్చు. షాపులో హెల్పరుగా చేరితే రాడ్డు పట్టడం వస్తుంది. ఏ తీగకి ఏ గ్యాసు, ఏ టార్చికి ఏ కొస, పది నిమిషాల్లో ఎన్ని నిమిషాలు... ఇవి ఎవరో ఒకరు కూర్చోబెట్టి చెప్పాల్సినవి.