లేహ్

లేహ్ భారతదేశపు ఉత్తర భాగాన ఉన్న లడఖ్ కేంద్రపాలిత ప్రాంతంలోని ముఖ్య పట్టణము. ఇది సింధునది లోయలో, సముద్ర మట్టానికి సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్నది. నుబ్రా లోయ, పాంగాంగ్ సరస్సు వంటి ప్రదేశాలను చూడగోరే యాత్రికులు ఈ పట్టణంలోనే విడిది చేస్తారు.

చరిత్ర

పూర్వము లేహ్ కాశ్మీరు, టిబెట్టు, మధ్య ఆసియాలోని యార్కండ్‌ల నడుమ వర్తక కేంద్రముగా ఉండేది. కారకోరం కనుమ దాటే బిడారులు ఇక్కడ ఆగేవి. ఉన్ని, పట్టు, తేయాకు ముఖ్యమైన సరుకులు. 17వ శతాబ్దంలో సెంగె నాంగ్యాల్ అనే రాజు కాలంలో నిర్మించిన తొమ్మిది అంతస్తుల కోట నేటికీ పట్టణానికి ఎగువన కనిపిస్తుంది.

రవాణా సౌకర్యాలు

నిజామాబాదు, బోధన్ ప్రాంతాల వారు హైదరాబాదు చేరుకొని, ఢిల్లీ మీదుగా విమానంలో లేహ్ వెళ్ళవచ్చును. శ్రీనగర్ నుండి కార్గిల్ మీదుగా ఒకటి, మనాలి నుండి మరొకటి రోడ్డు మార్గాలు కలవు. మనాలి మార్గము శీతాకాలంలో మంచు వలన మూసివేయబడుతుంది.

ఎత్తు వలన కలిగే ఇబ్బందులు

నిజామాబాదు ఎత్తు దాదాపు 400 మీటర్లు మాత్రమే. లేహ్‌లో గాలి పీడనము సముద్ర మట్టము వద్ద ఉండే దానిలో మూడింట రెండు వంతులు ఉంటుంది. అందువలన ప్రతి శ్వాసలోను శరీరానికి అందే ప్రాణవాయువు తగ్గుతుంది. విమానంలో ఒక్కసారిగా చేరినవారికి తలనొప్పి, వికారము, నిద్రలేమి కలుగవచ్చును. ఆరోగ్యవంతులు, యువకులు కూడా దీనికి మినహాయింపు కాదు.

మొదటి రెండు రోజులు పూర్తి విశ్రాంతి అవసరము. మద్యపానము మానవలెను. లక్షణాలు తగ్గేవరకు ఇంకా పైకి వెళ్ళరాదు. విశ్రాంతిలోనూ ఆయాసము, తడబడే నడక, మతి స్థిమితము తప్పుట ఊపిరితిత్తులలో నీరు చేరినందుకు లేదా మెదడు వాపునకు గుర్తులు. ఇవి ప్రాణాంతకము. అట్టివారిని వెంటనే తక్కువ ఎత్తుకు దించి, వైద్యము చేయించవలెను.

ప్రయాణ క్రమము

శ్రీనగర్ మార్గంలో ఎత్తు క్రమంగా పెరుగుతుంది. కార్గిల్ (సుమారు 2,700 మీటర్లు) వద్ద రాత్రి బస చేయుట మేలు. మనాలి మార్గంలో 4,000 మీటర్లకు పైబడిన సర్చు వంటి చోట్ల నిద్రించవలసి రావచ్చును కనుక అది కష్టతరము. లేహ్ నుండి మొదట నుబ్రా వెళ్ళుట మంచిది. దారిలోని ఖర్దుంగ్ లా కనుమ 5,300 మీటర్లకు పైన ఉన్నా, రాత్రి బస చేసే లోయ లేహ్ కంటె పల్లములో ఉంటుంది. సుమారు 4,250 మీటర్ల ఎత్తున గల పాంగాంగ్‌ను చివరకు ఉంచుకొనవలెను.

తెలుగువారితో సంబంధము

నిజామాబాదు జిల్లా పాకాల గ్రామానికి చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, 13 సంవత్సరాల 11 నెలల వయసులో ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించింది. అంతకుముందు ఆమె డార్జిలింగులోను, లడఖ్‌లోను శిక్షణ పొందినది. పల్లపు ప్రాంతపు శరీరము కూడా తగిన వ్యవధి ఇచ్చినచో ఎత్తులకు అలవాటు పడగలదని ఈ ఉదంతము తెలుపుతున్నది.