నరసాపురం మేకు – భిలాయి పలక

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రంలోని భిలాయి నగరానికి సముద్రం వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నది. అయినా, 2022 సెప్టెంబరు 2న కొచ్చిలో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్ నిర్మాణంలో భిలాయి ఉక్కు ఉన్నది. భిలాయి, బొకారో, రూర్కెలా కర్మాగారాలు కలసి ఆ నౌకకు సుమారు 30,000 టన్నుల ప్రత్యేక ఉక్కును సమకూర్చాయి. భిలాయి కర్మాగారంలో చెమటోడ్చినవారిలో ఆంధ్ర ప్రాంతం నుంచి వలస వచ్చిన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఇనుముకూ ఓడకూ గల సంబంధం వారి తీరానికి కొత్తది కాదు.

నౌకాయాన చరిత్ర అనగానే సాహస నావికులు, దిక్సూచి, పటాలు మనకు స్ఫురిస్తాయి. ఓడను కూర్చిన మేకును, దానిని సాగగొట్టిన కమ్మరిని చరిత్ర అరుదుగా తలచుకుంటుంది.

తెలుగు తీరం

పదిహేడవ శతాబ్దంలో గోలకొండ రాజ్యానికి ప్రధానమైన రేవు మచిలీపట్నం. డచ్చివారు 1606లో, ఆంగ్లేయులు 1611లో అక్కడ వర్తకానికి దిగారు. వారి రాకకు ముందే అక్కడి నుంచి పెగూకు, సుమత్రాలోని అచేకు, ఎర్రసముద్రపు రేవులకు ఓడలు నడిచేవి. అద్దకపు వస్త్రాలు వాటిలో ముఖ్యమైన సరుకు. ఈశాన్య పవనాలతో పడమటికి సాగిన ఓడ, తిరుగు ప్రయాణానికి నైరుతి పవనాల కోసం వేచి ఉండవలసిందే. అదను తప్పితే నెలల తరబడి పరాయి రేవులో పడిగాపులే.

మచిలీపట్నంలో పెద్ద ఓడలు ఒడ్డుకు చేరలేవు. అవి దూరాన లంగరు వేసి నిలిస్తే, చిన్న పడవలు సరుకును చేరవేసేవి. గాలివాన వచ్చినప్పుడు ఓడలోని ప్రాణాలు, సరుకు లంగరు పట్టు మీదనే ఆధారపడేవి. అటువంటి లంగర్లు గోదావరి ముఖాన ఉన్న నరసాపురంలో తయారయ్యేవి. 1669–1679 మధ్య బంగాళాఖాతపు తీరాలలో తిరిగిన ఆంగ్ల నావికుడు థామస్ బౌరీ, ఆ ఊరి మేలైన కలపను, ఇనుమును, మేకులు, చీలలు, లంగర్లు చేసే స్థానికుల నేర్పును మెచ్చుకొన్నాడు. ఆంగ్ల వర్తకులు సైతం తమ ఓడలను అక్కడ కట్టించుకొనేవారు.

దిక్కు, కాలం

దిక్సూచి దిక్కును చూపుతుంది. ధ్రువనక్షత్రం ఎత్తును కొలిస్తే అక్షాంశం తెలుస్తుంది. ఇందుకై అరబ్బు నావికులు ముడులు వేసిన తాడు గల చిన్న చెక్కపలకను వాడేవారు. రేఖాంశాన్ని తెలుసుకోవడం మాత్రం కష్టమైంది. బయలుదేరిన చోటి కాలాన్ని నడిసముద్రంలోనూ తప్పక చూపే గడియారం అందుకు కావాలి. జాన్ హారిసన్ నిర్మించిన అటువంటి గడియారాన్ని 1761లో జమైకా ప్రయాణంలో పరీక్షించారు.

గడియారపు స్ప్రింగుకు మేలైన ఉక్కు అవసరం. దానిని అన్వేషిస్తూనే ఇంగ్లండులో బెంజమిన్ హంట్స్‌మన్ 1740 ప్రాంతంలో మూసలో ఉక్కును కరిగించే పద్ధతిని రూపొందించాడు. మూసలో ఉక్కు తీసే విద్య మన దేశానికి అప్పటికే ప్రాచీనమైనది. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రం ఉక్కు పర్షియా వర్తకులను ఆకర్షించింది.

పందొమ్మిదవ శతాబ్దంలో ఓడ దేహమే ఇనుముగా మారినప్పుడు కొత్త చిక్కు ఎదురయింది: ఆ ఇనుము దిక్సూచి ముల్లును పక్కకు లాగుతుంది. చిన్న అయస్కాంతాలను, మెత్తని ఇనుమును తగిన స్థానాల్లో అమర్చి దానిని సరిదిద్దవచ్చునని 1838లో జార్జ్ ఎయిరీ నిరూపించాడు.

కొలిమి నుంచి కర్మాగారానికి

ఆవిరి ఓడలు, విదేశాల నుంచి చౌకగా దిగుమతి అయిన ఇనుము మన తీరపు కమ్మరి కొలుములను చల్లార్చాయి. స్వతంత్ర భారతం ఆ లోటును తీర్చుకోదలచింది. 1955 ఫిబ్రవరి 2న సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒడంబడిక ఫలితంగా భిలాయి కర్మాగారం వెలసింది. దాని మొదటి బ్లాస్టు ఫర్నేసును 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు.

దల్లీ-రాజహరా గనుల ఖనిజం భిలాయిలో పలకగా మారుతుంది. ఆ పలక కొచ్చిలో ఓడగా రూపొందుతుంది. ఏ ఒక్క ప్రాంతమూ ఒంటరిగా ఓడను కట్టజాలదు. నరసాపురం కమ్మరుల పేర్లను చరిత్ర భద్రపరచలేదు. వారి చేతి లంగర్లను నమ్ముకొని దూరదేశాలకు వెళ్ళి వచ్చిన వర్తకం మాత్రం చరిత్రలో నిలిచింది. ఆ పొరపాటును గ్రహించినప్పుడే, నేడు కొలిమి ముందు నిలిచిన శ్రామికునికి కూడా నౌకా చరిత్రలో చోటు దక్కుతుంది.