వయ్యారిభామ

పేరులోని సొగసును బట్టి వస్తువు గుణాన్ని నిర్ణయించరాదు. వయ్యారమంటే ఒయ్యారం, భామ అంటే స్త్రీ. ఇంత అందమైన పదబంధం మన నేలపై ఒక విషపు కలుపుమొక్కకు పేరుగా స్థిరపడింది. కాంగ్రెస్ గడ్డి, క్యారెట్ గడ్డి అనేవి దీనికే గల ఇతర నామాలు. శాస్త్రీయ నామం పార్థీనియం హిస్టిరోఫోరస్. గడ్డి అని వ్యవహరించినా ఇది గడ్డిజాతికి చెందదు. చామంతి, పొద్దుతిరుగుడు మొక్కల కుటుంబానికి చెందినది.

దీని జన్మస్థానం అమెరికా ఖండంలోని ఉష్ణప్రాంతాలు. మన దేశంలో 1955లో పుణె నగరంలో దీనిని గుర్తించారు. దిగుమతి చేసుకున్న గోధుమలతో పాటు ఇది దేశమంతటా వ్యాపించిందని పలువురి అభిప్రాయం. నేడు కామారెడ్డి జిల్లా బాన్సువాడ ప్రాంతంలోని నస్రుల్లాబాద్ మొదలుకొని మహానగరాల వరకు బాటల అంచులు, ఖాళీ స్థలాలు, పచ్చిక మైదానాలు దీనికి నెలవులు.

ఈ మొక్కను పూత రాకముందే గుర్తించడం ముఖ్యం. లేత దశలో దీని ఆకులు నేలను అంటుకొని గుండ్రంగా పరచుకుంటాయి. అవి క్యారెట్ ఆకుల వలె లోతుగా చీలి ఉంటాయి. పిదప నిలువు గాళ్లున్న కాండం పైకి లేచి, మనిషి నడుము ఎత్తువరకు పెరిగి, అనేక శాఖలుగా చీలుతుంది. కొమ్మల చివర చిన్న చిన్న తెల్లని పూలగుత్తులు కనిపిస్తాయి. ఒక్కొక్క పువ్వుకు అయిదు మూలలుంటాయి.

వినాయక చవితి పత్రిలో మొదటిదైన మాచిపత్రి ఆకు కూడా ఇంచుమించు ఇదే విధంగా చీలి ఉంటుంది. అందువల్ల పత్రికై వెళ్లిన పిల్లలు పొరబడి వయ్యారిభామను కోసుకొని వచ్చే ప్రమాదం ఉంది. మాచిపత్రిని నలిపితే సువాసన వస్తుంది. ఆకు అడుగుభాగం తెల్లని నూగుతో ఉంటుంది. వయ్యారిభామకు ఈ రెండు లక్షణాలూ లేవు. పచ్చికలో కనిపించే గడ్డిచామంతి కూడా విదేశీయమే. కాని అది నేలపై పాకుతుంది, పొడవైన కాడకు ఒకే పువ్వు పూస్తుంది, పువ్వు నడుమ పసుపుపచ్చగా ఉంటుంది.

వయ్యారిభామలో పార్థెనిన్ అనే విషపదార్థం ఉంది. దాని స్పర్శ వల్ల కొందరికి చర్మంపై దురద, దద్దుర్లు కలుగుతాయి. పుప్పొడి తుమ్ములకు, ఉబ్బసానికి కారణమవుతుంది. దీనిని మేసిన పశువుల పాలు చేదెక్కుతాయి. ఇది చుట్టుపక్కల మొక్కల ఎదుగుదలను సైతం అడ్డుకొంటుంది.

బాగా ఎదిగిన ఒక్క మొక్క 15,000 నుండి 25,000 వరకు విత్తనాలను ఇవ్వగలదు. మొలకెత్తిన నెలా నెలన్నరలోనే ఇది పూతకు వస్తుంది. కనుక వాన వెలిసి నేల మెత్తగా ఉన్నప్పుడే, చేతులకు తొడుగులు ధరించి, వేళ్లతో సహా పెరికివేయాలి. పూయని మొక్కలను ఎరువుగా కుళ్లబెట్టవచ్చు. పూసినవాటిని ఎరువు గుంటలో వేయరాదు. దీని ఆకులను తినే ఒక పెంకుపురుగును మెక్సికో నుండి తెప్పించి 1984లో బెంగళూరు పరిసరాలలో విడిచారు. అది కొంతవరకు మేలు చేసినా మనిషి శ్రమ తప్పలేదు.

పొలంలోని కలుపును రైతు తీస్తాడు. దారి పక్క కలుపుకు యజమాని ఎవరూ లేరు. అందుకే అది అందరి బాధ్యత. పువ్వును చూసి మొక్కను గుర్తించేవాడు ఆలస్యంగా మేలుకొన్నవాడు. ఆకును చూసి గుర్తించేవాడే ఊరికి మేలు చేసినవాడు.